రాతిలో ఉత్తరం

మా చేనికి ఎగువన ఒక నల్లరాతి గట్టు ఉండేది. లేపాక్షి నుంచి తూర్పుగా పోయే బండిబాట మా పొలిమేరను తాకే చోట మొదలై, నిలువెత్తు గుండ్ల వరుసగా సాగి, వంక దాటి, అవతలి గ్రామం చేలల్లో ఎక్కడో నేలలోకి దిగిపోయేది. చుట్టుపక్కల రాయంతా తెల్లనిది, ఎండకు కాస్త ఎరుపెక్కినది. ఏనుగుల్లా, తాబేళ్ళలా, బోర్లించిన గంగాళాల్లా ఎక్కడ పడితే అక్కడ పడివుండే గుండ్లు. వీరభద్రాలయం నిలిచిన కూర్మశైలం అదే జాతి రాయి; ఊరిబయటి మహానందిని మలిచినదీ ఆ జాతి ఏకశిలనే. ఆ తెల్లదనం మధ్య నల్లగట్టు మాత్రం ఎవరో దారం పట్టి గీసిన గీతలా ఉండేది. మా అబ్బ దాన్ని ‘నల్లగట్టు’ అనేవాడు. మాకు వేరే పేరు అవసరపడలేదు.

అబ్బ తన బావిని గట్టుకు ఎగువ పక్కన తవ్వించాడు. దిగువన తవ్వినవారికి రాయి తప్ప నీరు పడలేదు. కారణమేమిటని అడిగితే, “నీళ్ళు గట్టు దాటవురా. ఎనుములు దొడ్డివాకిట నిలబడినట్టు ఆడనే నిలబడతాయి” అన్నాడు. దేశంలో అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో జైసల్మేరు తరువాతి స్థానం అనంతపురానిదేనని చిన్నప్పటినుంచి పాఠ్యపుస్తకంలో చదువుకుంటూ పెరిగినవాళ్ళం మేము. అటువంటి చోట నీరెక్కడ ఆగుతుందో తెలియడం చిన్న విద్య కాదు. భూగర్భజల శాస్త్రజ్ఞులు అదే సంగతిని మరికొంత పెద్దమాటల్లో చెబుతారని తరువాత తెలిసింది: పగుళ్ళు లేని నల్లరాతి గోడ భూమిలోపల ఆనకట్టలా పనిచేస్తుంది.

నాకు పదకొండేళ్ళప్పుడు శివరాత్రి తిరునాళ్ళలో ఒక దిక్సూచి కొన్నాను. అణా బిళ్ళంత గాజుమూత, లోపల నీలంరంగు ముల్లు. ఇంటి అరుగుమీద పెడితే ముల్లు బుద్ధిగా పెనుకొండవైపు చూసేది. నల్లగట్టు ఎక్కి ఒక గుండుమీద పెట్టేసరికి గిరుక్కున పడమరకు తిరిగింది. నాలుగడుగులు జరిగితే ఇంకోవైపు. గట్టు దిగితే మళ్ళీ పెనుకొండకే. మరునాడు బడిలో అయ్యవారికి చెప్పాను. ఆయన దిక్సూచిని రెండుసార్లు బల్లమీద తట్టి, తిరునాళ్ళ సరుకు ఇట్లాగే ఏడుస్తుందని తేల్చేశారు. ఇంటికి వచ్చి అబ్బకు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. “ఆ గుండు మింద పిడుగు పడిందిలే నా చిన్నప్పుడు. రెండు మేకలు సచ్చిపోయినాయి. రాయికి ఆ అదురు ఇంకా పోలేదేమో” అన్నాడు.

అయ్యవారు చెప్పినది తప్పు, అబ్బ చెప్పినది ఒప్పు అని తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. ఈ వ్యాసం ఆ తెలుసుకోవడం గురించీ, అది ఆలస్యం కావడం గురించీ.

ముందు ఆ గట్టు ఏమిటో చెప్పాలి. భూమి పైపొర సాగి పగిలినప్పుడు లోతులనుంచి కరిగిన శిలాద్రవం ఆ పగులులోకి ఎగదన్ని, అక్కడే గడ్డకట్టి, నిట్టనిలువు పలకలా మిగిలిపోతుంది. భూశాస్త్రంలో దీన్ని డైకు అంటారు. ‘శిలాభిత్తి’ అంటే చెవికి ఇంపుగా ఉంటుంది కానీ, వాడేవారు లేని మాటను నేనొక్కణ్ణే మోయలేను. వెడల్పు కొన్ని మీటర్లనుంచి కొన్ని పదుల మీటర్లు; పొడవు పదుల, ఒక్కోసారి వందల కిలోమీటర్లు. మన ప్రాంతంలో 221 కోట్ల 60 లక్షల ఏళ్ళనాటి ఒకే ఒక డైకు సుమారు 450 కిలోమీటర్ల పొడవున ఉందని 2018లో ఒక పరిశోధన వెలువడింది. అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్, కర్ణాటకలోని కోలారు, తుమకూరు, ఈ ప్రాంతమంతటా భూమిమీద ఇటువంటి గీతలు వందలకొద్దీ ఉన్నాయి. పైనుంచి చూస్తే తెల్లటి పలకమీద పసిపిల్లవాడు బొగ్గుతో గీకినట్టుంటుంది.

ఈ శిలాద్రవంలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులుంటాయి. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో వాటికి అయస్కాంత లక్షణం ఉండదు. రాయి చల్లారుతూ 580 డిగ్రీల సెల్సియస్ దిగువకు వచ్చేసరికి ఒక్కొక్క రేణువూ ఒక్కొక్క చిన్న ముల్లుగా మారి, ఆ నాటి భూ అయస్కాంత క్షేత్రం ఎటు చూపితే అటు తిరిగి ఉండిపోతుంది. పూర్తిగా చల్లారాక ఇక కదలదు. భూమి ధ్రువాలు తారుమారైనా, ఖండం మొత్తం మరో అక్షాంశానికి కొట్టుకుపోయినా, రాతిలోని ముల్లు మాత్రం తాను పుట్టిననాటి ఉత్తరాన్నే చూపుతూ ఉంటుంది. తెలుగులో ఉత్తరమంటే దిక్కూ అవుతుంది, జాబూ అవుతుంది. ఈ శ్లేషను సృష్టించిన భాషకు పురాయస్కాంతశాస్త్రం సంగతి తెలియకపోవచ్చు గానీ, ఆ శాస్త్రానికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు మరెక్కడా దొరకలేదు.

ఆ జాబును చదవడం మాత్రం సులభం కాదు. గట్టుమీద నీళ్ళు పోస్తూ వజ్రపు అంచున్న గొట్టంతో రాతిలోకి రంధ్రం చేసి, బొటనవేలంత లావున్న కడ్డీని తీస్తారు. విరిచి తీయకముందే ఆ కడ్డీ ఏ దిక్కుకు, ఎంత వాలులో ఉన్నదో కొలుస్తారు. మామూలు దిక్సూచిని నల్లరాయి మోసగిస్తుంది కాబట్టి సూర్యుని నీడనుబట్టి దిక్కు చెప్పే పరికరం వాడతారు. ప్రయోగశాలలో, బయటి అయస్కాంత క్షేత్రం చొరబడని గదిలో, కడ్డీ ముక్కను మెల్లమెల్లగా వేడిచేసి చల్లారుస్తారు. తరువాతి కాలంలో అంటుకున్న బలహీనమైన అయస్కాంతాలన్నీ ముందు రాలిపోతాయి. మొండిగా చివరిదాకా నిలిచేది పుట్టుకనాటిది. పిడుగు పడిన చోట రాయి మాత్రం ఎందుకూ పనికిరాదు. పిడుగులోని వేల ఆంపియర్ల ప్రవాహం తన చుట్టూ సృష్టించే క్షేత్రం అంతకుముందరి వ్రాతనంతా చెరిపి, తన వ్రాత వ్రాసిపెడుతుంది. అందుకే ఈ పనిచేసేవారు కొండ కొప్పులమీది రాయికి ఆశపడరు. వంకలు కోసిన చోట, రోడ్డు తవ్విన చోట వెదుకుతారు. మా అబ్బకు ఆంపియరు సంగతి తెలియదు. రాయి అదిరిందని మాత్రం తెలుసు.

మొదట్లో ఈ విద్యకు మన రాళ్ళతోనే అక్షరాభ్యాసం జరిగిందంటే అతిశయోక్తి కాదు. 1951 ప్రాంతంలో కేంబ్రిడ్జిలో చదువుతున్న టెడ్ ఇర్వింగ్ అనే యువకుడు దక్కను లావారాతి నమూనాలను తెప్పించుకుని కొలిచి, భారతదేశం ఒకప్పుడు చాలా దక్షిణాన ఉండి ఉత్తరానికి వచ్చిందన్న ఊహకు బలమిచ్చే ఫలితాలు చూశాడు. ఖండాలు కదులుతాయంటే పెద్దలు నవ్వే కాలమది. 1954లో అతడు సమర్పించిన సిద్ధాంతవ్యాసానికి పట్టం దక్కలేదు. తరువాత ఆ శాస్త్రానికి అతడే పెద్దదిక్కయ్యాడనుకోండి, అది వేరే కథ.

ఇక వంపుల సంగతి. ప్రపంచపటంలో పర్వతశ్రేణులు తిన్నగా ఉండవు. హిమాలయం విల్లులా వంగి ఉంటుంది. స్పెయిను ఉత్తరతీరాన కాంటాబ్రియన్ శ్రేణి గుర్రపు లాడంలా తిరిగి ఉంటుంది. మన నల్లమల కూడా కడప పళ్ళేనికి తూర్పు అంచున అర్ధచంద్రాకారంలో ఒదిగి ఉన్నదే. ఇవి పుట్టడమే వంకరగా పుట్టాయా, తిన్నగా పుట్టి తరువాత వంగాయా? 1955లో టాస్మానియాకు చెందిన వారెన్ కేరీ, తరువాత వంగినవాటికి ఓరోక్లైన్ అని పేరుపెట్టాడు. పేరు పెట్టినంత సులభంగా ఋజువు దొరకదు. కొడవలిని చూసి, ఇది పోతపోసినదా, కడ్డీని వంచినదా అంటే చూపుతో ఎట్లా చెప్పడం?

అక్కడే రాతిలోని ముల్లు సాక్షిగా వస్తుంది. శ్రేణి పుట్టుకతోనే వంకరగా ఉంటే, దాని పొడవునా రాళ్ళలోని ముళ్ళన్నీ ఒకే దిక్కు చూపాలి. ఎందుకంటే ఉత్తరం అందరికీ ఒకటే. తరువాత వంగివుంటే, కొండ ఎంత తిరిగిందో ముళ్ళూ అంతే తిరిగి ఉండాలి. కడ్డీకి వరుసగా సమాంతరంగా బాణపు గుర్తులు గీసి, ఆపై కడ్డీని వంచండి, బాణాలు విచ్చుకుంటాయి. ఇంత సాదా ఉపాయం ఇది. కాంటాబ్రియన్ శ్రేణిలో ముళ్ళు కొండతోపాటు తిరిగాయని తేలింది. సుమారు 30 కోట్ల ఏళ్ళక్రితం దాదాపు తిన్నగా ఉన్న శ్రేణి లాడంలా ముడుచుకుపోయిందన్నమాట.

స్పెయినుకూ మా చేనికీ సంబంధమేమిటని మీరడగవచ్చు. లేపాక్షి చుట్టూ నిలబడి చూస్తే పర్వతశ్రేణి ఏదీ కనబడదు. కానీ మనం నిలబడి ఉన్నదే ఒక పర్వతశ్రేణి మొదట్లో. 250 కోట్ల ఏళ్ళక్రితం ఇక్కడ భూఖండాలు ఒరుసుకుని, కరిగి, కలిసి ధారవాడ క్రేటన్ అనే గట్టి పలక ఏర్పడింది. కొండలు అరిగి అరిగి పోయి, వాటి వేళ్ళు మాత్రం పైకి తేలాయి. ఆ వేళ్ళలో ఒకటి, ఒకప్పుడు బంగారం తవ్విన రామగిరి పట్టీ. ఇంకొకటి క్లోజ్‌పేట గ్రానైటు. బారీ క్లోజ్ అనే ఆంగ్ల అధికారి పేరిట ఒకప్పుడు క్లోజ్‌పేట అయిన రామనగరం దగ్గర మొదలై (షోలే సినిమాలో గబ్బర్‌సింగ్ కూర్చున్న గుండ్లు ఇవే), పావగడ, కళ్యాణదుర్గం, రాయదుర్గం మీదుగా హంపిదాకా పోతుంది ఈ గ్రానైటు పట్టీ. పటంమీద వేలుపెట్టి దాని వెంట వెళ్ళండి. దక్షిణాన తిన్నగా ఉత్తరానికి పోతుంది. పోనుపోను ఎడమకు ఒరుగుతుంది. పక్కనున్న పాత పచ్చరాతి పట్టీలూ అంతే. అన్నీ కలిసి ఒక పెద్ద చేప నడుము వంచినట్టు ఉంటాయి.

ఇక డైకులు. 2007లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ హాల్స్, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన అనిల్ కుమార్, మరి ఇద్దరు సహచరులు కలిసి ధారవాడ ప్రాంతపు తూర్పు-పడమర డైకుల పురాయస్కాంతాన్నీ వయసునూ ప్రకటించారు. లేపాక్షికి ఉత్తరాన సరళరేఖలో ముప్పై కిలోమీటర్లున్న పెనుకొండ దగ్గరి డైకూ, బెంగళూరుకు దక్షిణాన హారోహళ్ళి దగ్గరి డైకూ దాదాపు ఒకే వయసువి: 236 కోట్ల ఏళ్ళు పైచిలుకు. ఆ కాలపు ముళ్ళు దాదాపు నిట్టనిలువుగా ఉన్నాయి. ముల్లు భూమధ్యరేఖ దగ్గర పడుకుంటుంది, ధ్రువాల దగ్గర నిలబడుతుంది. అంటే పెనుకొండ, బహుశా లేపాక్షీ, ఆనాడు ధ్రువప్రాంతపు సీమలు! ఎండాకాలం మధ్యాహ్నం లేపాక్షి బస్టాండులో నిలబడి ఈ సంగతి తలచుకుంటే ఒకరకమైన తృప్తిగా ఉంటుంది.

ఈ డైకులు దక్షిణాన తూర్పు-పడమరగా సాగి, ఉత్తరాన కరీంనగర్ వైపు వెళ్ళేకొద్దీ ఈశాన్య-నైరుతికి తిరుగుతాయి. పటంలో మొత్తం విసనకర్రలా విచ్చుకుని కనిపిస్తుంది. దీనికి సహజంగా తోచే అర్థం ఒకటుంది. పడమట ఎక్కడో ఒకచోట భూగర్భంనుంచి ఉష్ణస్తంభం ఎగదన్నితే, పగుళ్ళు అక్కడినుంచి కిరణాల్లా చిమ్ముతాయి. విసనకర్ర పుట్టుకతోనే విసనకర్ర. చాలాకాలం చాలామంది ఈ మాటే చెప్పారు. 2019లో స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ సోడర్లండ్ బృందం మరో అర్థం చెప్పింది. వారు 18 డైకుల వయసు లెక్కగట్టారు. ముందరి వయసులు కూడా కలుపుకుని ఎనిమిది తరాల డైకుల గుంపులను వేరుచేశారు. ఆ గుంపులకు పెట్టిన పేర్లు చూడండి: బెంగళూరు–కరీంనగర్, ఇప్పగూడ–ధిబ్బూరహళ్ళి, కండ్లమడుగు, అనంతపురం–కుణిగల్, మహబూబ్‌నగర్–దాండేలి, దేవరబండ, హంపి, పెబ్బేరు. దేశదేశాల భూశాస్త్రజ్ఞులు నోరు తిరగక తంటాలుపడుతూ మన పల్లెల పేర్లు పలుకుతూ ఉంటారన్నమాట. సరే, విషయానికి వస్తాను. ఉత్తరపు ధారవాడ భాగం దక్షిణ భాగంతో పోలిస్తే 30 డిగ్రీలు తిరిగిందనుకుని, పటంలో దాన్ని వెనక్కి తిప్పి చూశారు. 208 కోట్ల ఏళ్ళకు ముందరి గుంపుల్లో విల్లులూ విసనకర్రలూ అన్నీ దాదాపు సరళరేఖలైపోయాయి. క్లోజ్‌పేట గ్రానైటూ, పచ్చరాతి పట్టీలూ తిన్నబడ్డాయి. విసనకర్ర అనుకున్నది విసనకర్ర కాకపోవచ్చు, కట్టగట్టిన చీపురుపుల్లలను ఎవరో మోకాటికి ఆన్చి వంచినది కావచ్చు.

ఈ రెండింటిలో ఏది? తీర్పు మళ్ళీ ముళ్ళదే. కాని ఇక్కడొక చిక్కుంది. నేలమీద పడుకోబెట్టిన మేకును తిప్పితే తిరిగిందని తెలుస్తుంది; నిలబెట్టిన మేకును తిప్పితే ఏం తెలుస్తుంది? 236 కోట్ల ఏళ్ళనాటి ముళ్ళు దాదాపు నిలువు. ముప్పై డిగ్రీలు తిరిగినా తేడా కొంచెమే. కొలతలోని తడబాటులో కలిసిపోయేంత. అందుచేత ఒకటి రెండు డైకులు సరిపోవు. అనేక చోట్ల, అనేక తరాలవి, వంపుకు ఇటూ అటూ, ఒక్కొక్కదానిలో పలు కడ్డీలు కావాలి. వీటి సగటు ఎంత నమ్మదగినదో చెప్పే లెక్కను 1953లో రొనాల్డ్ ఫిషర్ అనే గణాంకశాస్త్రవేత్త సిద్ధం చేసిపెట్టాడు. ఆ లెక్కలో ఒక్కొక్క గట్టూ ఒక్కొక్క సాక్షి. సాక్షులు తగ్గేకొద్దీ తీర్పు మసకబారుతుంది.

2002లో వాన రాలేదు. అంతకు ముందటేడు పెట్టిన చెనిక్కాయ పెట్టుబడే తిరిగి రాలేదు. ఆ వేసవిలో మూడు బోర్లు వేయించాం, మూడూ పొడిరాయి. నాలుగోది వేయడానికి అప్పిచ్చేవారు లేరు. చెల్లెలి పెళ్ళి నిశ్చయమై ఉంది. అటువంటి సమయంలో ఒక రాతి వ్యాపారి తన మనిషిని పంపాడు. నల్లరాయికి విదేశాల్లో గిరాకీ ఉందని, సమాధుల పలకలకూ వంటగది గట్లకూ తీసుకుపోతారని, పట్టాదారులు నిరభ్యంతరమని సంతకం పెడితే చాలునని చెప్పాడు. నాయన కాగితం నా చేతికిచ్చాడు. “సదువుకున్నోడివి, నువ్వు సూడు” అన్నాడు. చూశాను. వాక్యాలన్నీ సరిగానే ఉన్నాయి. నాయన సంతకం కింద నేనూ చేశాను. అబ్బ అప్పటికి లేడు. ఉంటే బావి సంగతి అడిగి ఉండేవాడు. కాగితంలో బావి ప్రసక్తి లేదు.

మూడేళ్ళపాటు తవ్వారు. వరుసగా రంధ్రాలు వేసి, మేకులు దిగగొట్టి, ఇంటిగది అంత దిమ్మలను కోసి, క్రేను లారీలమీద పెట్టేది. నల్లటి దిమ్మలమీద తెల్లరంగుతో అంకెలు. చెన్నై రేవుకు పోతాయన్నారు. పెళ్ళి జరిగింది, అప్పులు తీరాయి. ఆ డబ్బు వల్ల ఎవరికీ చెడు జరగలేదు. ఈ మాట దాచడం న్యాయం కాదు. గట్టు పోయిన చోట ముప్పై అడుగుల గొయ్యి మిగిలింది. మరుసటి మంచి వానలకు గొయ్యి నిండింది, బావి ఎండింది. దొడ్డివాకిలి తీసేస్తే ఎనుములు నిలబడవు కదా.

లేపాక్షి నాట్యమంటపంలో వేలాడే స్తంభం ఉన్నది మీకు తెలిసే ఉంటుంది. కింద గుడ్డ దూర్చి ఇటునుంచి అటు లాగుతారు. ఆంగ్లేయుల కాలంలో ఒక ఇంజనీరు దాని రహస్యం కనిపెట్టాలని కదిలించబోతే చుట్టూ ఉన్న స్తంభాలూ పక్కకు ఒరిగాయని మార్గదర్శకులు చెబుతారు. నిజానిజాలు వదిలేస్తే, ఆ కథ చెప్పేది ఒక సాంకేతిక సత్యం: రాయిని దాని చోటునుంచి కదిలించాక, అది ముందెట్లా ఉన్నదో రాయే చెప్పలేదు. నల్లగట్టు దిమ్మలు ఇప్పుడు ఏ దేశపు శ్మశానంలోనో, ఏ ఇంటి వంటగదిలోనో ఉన్నాయి. వాటి లోపలి ముళ్ళు చెక్కుచెదరలేదు. 580 డిగ్రీలదాకా వేడిచేస్తే తప్ప చెదరవు కూడాను. కానీ అవి చూపే దిక్కుకు ఇక అర్థం లేదు. చిరునామా లేని జాబులు అవి.

2019నాటి ఆ పరిశోధనలోని పటాన్ని నేను చాలా ఆలస్యంగా చూశాను. రంగురంగుల గీతలు. పెనుకొండ, అనంతపురం కళ్ళకు తగలగానే వేలు దానంతటదే కిందికి జారి లేపాక్షిని వెదికింది. ఆ పటపు కొలతకు మా గట్టు ఆనదు. ఏ గుంపుది అయివుంటుందో నిశ్చయంగా చెప్పలేను. గట్టు సాగిన దిక్కు ఒక్కటి చూసి కులగోత్రాలు చెప్పరాదని ఆ పండితులే అంటారు, ఎందుకంటే వేర్వేరు తరాలు ఒకే దిక్కున పడిన సందర్భాలున్నాయి. తూర్పు-పడమరగా ఉన్నది కాబట్టి పెనుకొండకు జ్ఞాతి కావచ్చునని నా ఊహ. అయివుంటే దాని ముల్లు నిలువుగానే ఉండేది, వంపు తగవులో బలహీనమైన సాక్షే అయ్యేది. ఇట్లా అనుకుంటే కాస్త ఊరట. మరుక్షణమే ఫిషర్ లెక్క గుర్తొస్తుంది: బలహీనమైన సాక్షులు ఉన్నచోటనే సంఖ్య ఎక్కువ కావాలి.

ఈ సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు గొయ్యి దగ్గరకు వెళ్ళాను. ఈసారి ఒక సంగతి చదువుకుని వెళ్ళాను. శిలాద్రవం పగులులోకి దూరినప్పుడు ఇరుపక్కల ఉన్న తెల్లరాయి కూడా కాలుతుంది. డైకుకు ఆనుకున్న కొంత మేరకు ఆ తెల్లరాతి పాత ముళ్ళు చెరిగిపోయి, డైకుతోపాటే చల్లారి, డైకు చూపే దిక్కునే చూపుతాయి. దూరంగా పోతే తెల్లరాయి తన సొంత పాత దిక్కునే చూపుతుంది. డైకులోని ముల్లు పుట్టుకనాటిదా, తరువాత అంటినదా అని పరీక్షించడానికి పరిశోధకులు ఈ కాలిన అంచునే వాడతారు. వ్యాపారికి తెల్లరాయి అక్కరలేదు. పైగా అంచున త్వరగా చల్లారిన నల్లరాయి పగుళ్ళతో ఉంటుంది, పలకకు పనికిరాదు, దాన్నీ వదిలేస్తాడు.

గొయ్యికి ఉత్తరపు గోడ నీటికి పైన అయిదారు అడుగులు కనిపిస్తోంది. తెల్లరాతికి అంటుకుని జానెడు మందాన నల్లటి పెచ్చు, గోడ పొడవునా, అక్కడక్కడ రాలిపోయి, అక్కడక్కడ నిలిచి ఉంది. చేత్తో తడిమాను. నున్నగా, రేణువు తెలియకుండా ఉంది. నా దగ్గర వజ్రపు గొట్టం లేదు, సూర్యుని నీడ కొలిచే పరికరం లేదు. ఫోనులోని దిక్సూచిని గోడకు ఆన్చి గోడ సాగే దిక్కును నాలుగు చోట్ల కొలిచాను. నాలుగు అంకెలూ నాలుగు విధాలుగా వచ్చాయి. నిలబడి మళ్ళీ కొలిచాను. చివరికి సూర్యుణ్ణే నమ్ముకుని, ఒక కర్ర పాతి, మధ్యాహ్నం పన్నెండుకు ఇటూ అటూ దాని నీడ కొసకు రాళ్ళు పెడుతూ కూర్చున్నాను. గోడ దిక్కు దొరికింది. కాగితంమీద వ్రాసుకుని, గొయ్యి ఎక్కడున్నదీ, అంచు ఏ మేరకు మిగిలిందీ గుర్తులు పెట్టుకున్నాను. ఆ కాగితాన్ని హైదరాబాదులో ఎవరికి పంపాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

గొర్రెలు తోలుకుని వచ్చిన కుర్రవాడొకడు చాలాసేపటినుంచి గట్టున నిలబడి చూస్తున్నాడు. నేను పైకి వచ్చాక అడిగాడు.

“బోరు పాయింటు పెడతాండావా సామీ?”

కాదన్నాను. ఈ గోడను ఎవరైనా తవ్వడానికి వస్తే నాకొకమాట చెప్పమని నంబరిచ్చాను. వాడు నంబరు ఫోనులో ఎక్కించుకుని, పేరేమని పెట్టుకోవాలని అడిగాడు. మా అబ్బ పేరు చెప్పి, వాళ్ళ మనుమణ్ణి అన్నాను.

“ఓ, పిడుగు గుండోళ్ళా!” అన్నాడు.